కుందేలు చెవుల టోపీ

ఉన్నికి మైల లేదు. పట్టుకీ లేదు. ఈ సంగతి శాస్త్రంలో ఉందో లేదో గాని గుడివాడలో శోభనాద్రిగారి తల్లి రావమ్మగారి నోట్లో ఉంది. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద శాస్త్రం లేదు. కాశీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ పాటించే మడి చూసి అగ్రహారం వాళ్ళే ముక్కున వేలేసుకునేవారు. మునిమనవడికి ఉన్ని టోపీ అల్లడానికి మాలపేటలో ఉండే మార్తమ్మ కూతురు జ్ఞానమ్మని పిలిపిస్తామంటే మాత్రం ఆవిడ కాదనలేదు.

"ఉన్నేగా! దానికి అంటేముంది? అల్లి తెమ్మనండి. పిల్లాణ్ణి మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి" అంది.

పిలిపించింది వసుంధర, శోభనాద్రిగారి కూతురు. పురిటికి పుట్టింటికి వచ్చి, ఇప్పుడు చంకబిడ్డతో సిమ్లా తిరిగి వెళ్ళబోతోంది. భర్తకు అక్కడ సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. బందరులో మిషన్ ఆడపిల్లల బడిలో వసుంధర, జ్ఞానమ్మ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. తరవాత వసుంధర కాలేజీకి వెళ్ళింది. జ్ఞానమ్మ మిషన్‌వాళ్ళ దగ్గర లేసు అల్లిక నేర్చుకుని గుడివాడ తిరిగొచ్చింది. ఆ తేడా ఎందుకొచ్చిందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వసుంధర ఇంగ్లీషు పత్రిక తెచ్చి అరుగు మీద పరిచింది. అందులో ఒక దొరల బిడ్డ. నెత్తిన తెల్లటి టోపీ. టోపీకి నిటారుగా రెండు కుందేలు చెవులు.

"ఇట్టాంటిది కావాలి జ్ఞానం. చెవులు వాలిపోకూడదు. కుందేలు ఉలిక్కిపడ్డట్టు నిలబడాలి."

"అట్టాగేనండి" అంది జ్ఞానమ్మ. ఒకప్పుడు 'ఏమే' అని పిలిచిన మనిషిని 'అండీ' అనడం ఆమెకి ఎప్పుడో అలవాటైపోయింది.

"ఇంకో మాట. నాన్నగారి బళ్ళో కుట్లూ అల్లికలూ నేర్పడానికి టీచరు కావాలిట. నీ పేరు చెప్పాను. ఈ టోపీ చూశారంటే కాదనరు."

శోభనాద్రిగారు ఆ బడి కమిటీకి ప్రెసిడెంటు. తల్లి మార్తమ్మ ఆయన చేలోనే కూలి. కలుపులో వంగీ వంగీ ఆమె నడుము ఇక నిటారుగా లేవడం మానేసింది. పొద్దున లేస్తే గోడ పట్టుకుని నిలబడాలి, పనిలోకి వెళ్తే మళ్ళీ వంగాలి. ఈ ఉద్యోగం వస్తే అమ్మ ఇక చేలోకి దిగక్కర్లేదు. జ్ఞానమ్మకి కావలసింది అదొక్కటే.

టోపీకి తల కొలత కావాలి కదా. వసుంధర బిడ్డ తల చుట్టూ దారం చుట్టి, తుంపి, జ్ఞానమ్మ దోసిట్లోకి పైనుంచి జారవిడిచింది. బళ్ళో అడక్కుండానే జ్ఞానమ్మ చేతిలోంచి రబ్బరు లాక్కున్న చెయ్యే అది.

టోపీ తేలిగ్గానే అయింది. చెవులే ఏడిపించాయి. బయటికి తెలుపు, లోపలికి గులాబీ రంగు, రెండు పొరలుగా అల్లి కుట్టింది. ముచ్చటగా వచ్చాయి. వచ్చి, చెరోపక్కా వేలాడాయి. కుందేలు కాస్తా మేకయి కూర్చుంది. దూది కూరి చూస్తే కొస బరువెక్కి ఇంకా ముందుకి ఒరిగాయి. విప్పింది, బిగువుగా అల్లింది, మళ్ళీ విప్పింది. చివరికి లేసు అల్లే ఆడవాళ్ళంతా చేసే పనే చేసింది. గంజి పెట్టింది.

మార్తమ్మ ఆ పూట కావాలని చిక్కగా గంజి వార్చింది. చెవులు అందులో ముంచి, పిండి, లోపల ఈనెపుల్లలు దోపి ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి పుల్లలు తీసేసినా చెవులు నిక్కపొడుచుకుని నిలబడ్డాయి. మార్తమ్మ నడుం నొప్పి మరిచి చప్పట్లు కొట్టింది. వాటి ముందు పిల్లిలా, కుక్కలా కూతలు కూసింది. కుందేలు ఎలా కూస్తుందో పాపం ఆమెకి తెలీదు.

మర్నాడు జ్ఞానమ్మ టోపీ తీసుకెళ్ళి అరుగు చివర పెట్టి దిగి నిలబడింది. వసుంధర తీసి బిడ్డకి తొడిగింది. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. ఎన్నడూ పళ్ళు కనిపించనివ్వని శోభనాద్రిగారు కూడా నవ్వారు.

"భేష్! నీ పని చూశాక ఇంకేం అడుగుతాం? సోమవారం కమిటీ ఉంది, వచ్చి కనబడు" అన్నారు.

ఇంతలో బిడ్డ టోపీ లాగి ఒక చెవి నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టాడు. రావమ్మగారు గడప అవతల నిలబడి మురిసిపోతూ అడిగింది.

"ఏమే పిల్లా, ఎట్టా నిలబెట్టావే వీటిని?"

"గంజి పెట్టానండి" అంది జ్ఞానమ్మ సంబరంగా.

"ఏం గంజి?"

"అన్నం వార్చిన గంజేనండి. మా అమ్మ చిక్కగా వార్చి ఇచ్చింది."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

వడ్లకి మైల లేదు. బియ్యానికీ లేదు. పేట ఆడవాళ్ళు నాటిన చేను, కోసిన పంట, దంచిన బియ్యం రావమ్మగారి కొట్టులోకి నిక్షేపంగా వస్తాయి. అవే బియ్యం మార్తమ్మ కుండలో ఉడికితే మాత్రం అంటు. పొయ్యి మీద నీళ్ళు మరిగే ఆ కాస్తలో ఏం పాపం దిగుతుందో చెప్పినవాడు లేడు. అడిగినవాళ్ళూ లేరు. అడగాల్సినవాళ్ళు అరుగు కింద నిలబడేవాళ్ళు.

వసుంధర బిడ్డ నోట్లోంచి చెవి లాగేసి, వేలు పెట్టి గొంతుదాకా తుడిచింది. బిడ్డ గుక్కపట్టాడు. కక్కుకున్నాడు. ఎవరో తులసినీళ్ళు పట్టుకొచ్చారు. రావమ్మగారు గడప మీద కూలబడి "వంశం మంటగలిసిందిరా శోభనాద్రీ, మాలకూడు తినిపించింది పసివాడికి" అని శోకాలు పెట్టింది. శోభనాద్రిగారు జ్ఞానమ్మ వైపు చూడకుండా కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"కమిటీ సంగతి తర్వాత చూద్దాంలే" అన్నారు.

జ్ఞానమ్మ ఎలా నడిచిందో తెలీదు, దొడ్డివైపు గడ్డివాము దగ్గరికి వచ్చి ఆగింది. మీ చేలో వడ్లేనండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు. అవమానానికి ఒళ్ళు మండిపోతోంది. అంతకన్నా ఎక్కువగా, రేపు మళ్ళీ అమ్మ కలుపుకి వెళ్తుందన్న తలపు కోస్తోంది.

కాసేపటికి వసుంధర దొడ్డిదారిన వచ్చింది.

"నీకేమన్నా మతిపోయిందా జ్ఞానం? ఎందుకు చెప్పావే ఆ మాట?"

"అడిగారు, చెప్పాను."

"అడిగితే? తుమ్మబంక అనొచ్చుగా! ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. బంకనీళ్ళు పెట్టాను, కంగారులో గంజి అన్నానని చెప్పు. నాయనమ్మ నమ్ముద్ది. ఆవిడకీ నమ్మాలనే ఉంటది."

"మరి మీకెట్టా ఉందండి, మా గంజంటే?"

"నాకట్టాంటి పట్టింపుల్లేవు. నీకు తెలుసుగా."

"మరి బాబు నోట్లో వేలు పెట్టి కక్కించారుగా."

వసుంధర మొహం ఎర్రబడింది. "నీకు ఉద్యోగం కావాలా వద్దా?" అంది.

యథార్థవాది లోకవిరోధి అంటారు. లోకంతో విరోధం పెట్టుకోవడానికీ ఎంతో కొంత పొలం ఉండాలి. జ్ఞానమ్మకి సెంటు భూమి లేదు. కొంగుతో మొహం తుడుచుకుని ముందు వాకిట్లోకి వెళ్ళింది.

"తుమ్మబంకండి అమ్మగారూ. నోరు జారి గంజి అన్నాను."

రావమ్మగారు శోకం ఆపి కళ్ళు చికిలించి చూసింది. "మీ దేవుడి మీద ఒట్టెయ్."

మిషన్ బళ్ళో ఆదివారం పాఠాల్లో అన్నిటికన్నా ముందు నేర్పింది ఒట్టు పెట్టుకోవద్దనే. జ్ఞానమ్మ చెయ్యి తనంతట తనే గుండె మీదికి వెళ్ళింది.

"యేసు ప్రభువు తోడండి. మా ఇంటి గంజి కాదు. మా అమ్మ చెయ్యి దానికి తగల్లేదు."

అమ్మ చెయ్యి సంగతి ఎవరూ అడగలేదు. తనే అనేసింది.

రావమ్మగారి మొహం తేటపడింది. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా! మీ వాళ్ళ నోట నిజం ఒక్కసారికి ఎప్పుడొచ్చింది గనక" అని విసుక్కుని, టోపీ కడిగి ఆరేయమంది. ఉన్నేగా, కడిగితే పోయేదేం లేదు. శోభనాద్రిగారు గొంతు సవరించుకున్నారు.

"సరే, సోమవారం రా."

పొద్దు వాలేసరికి మార్తమ్మ చేలోంచి వచ్చింది. ఉద్యోగం మాట వినగానే కాళ్ళ బురదైనా కడుక్కోకుండా నేల మీద మోకాళ్ళూని ప్రార్థన చేసింది. లేవలేక కూతురి భుజం పట్టుకుని లేచింది. లేస్తూనే చిన్నపిల్లలా అడిగింది.

"చెవులు నా గంజితోనే నిలబడ్డయ్యని ఆ ముసలమ్మకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నదేంటి?"

జ్ఞానమ్మ తల్లి మొహంలోకి చూడలేకపోయింది.

"నమ్మలేదమ్మా."

మార్తమ్మ పగలబడి నవ్వింది. "ఎట్టా నమ్ముద్దిలే! అంత గట్టిగా నిలబడ్డయ్ మరి!" అంటూ గోడ పట్టుకుని వీధిలోకి నడిచింది. "ఆనందమ్మా, విన్నావా? శోభనాద్రిగారి తల్లికి నా గంజి సంగతి చెప్తే నమ్మలేదంట!" అని పక్కింటామెని కేకేసింది. ఆమెకి చెప్పాక ఎదురింట్లో చెప్పింది, ఆ తర్వాత పేటంతా చెప్పింది.

జ్ఞానమ్మ ఆపలేదు. తల్లి గొంతులో అంత సంతోషం విని చాలా కాలమైంది.