కుండ కింది గింజలు

జంపక్క కలలో గోదారి చప్పుడు చెయ్యకుండా వస్తది. చుట్టంలాగ గడప దాటి, పొయ్యి చుట్టూ తిరిగి, కూతురు దుర్గ పడుకున్న మంచాన్ని మెల్లగా ఎత్తుకుంటది. పిల్ల లేవదు. మంచం పడవై చింతచెట్టు మీదుగా పోతుంటది. జంపక్క అరవబోతే నోట్లోంచి చేపపిల్లలు రాలుతయి.

మెలకువొచ్చి చూస్తే పిల్ల పక్కనే ఉంటది. అయినా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటేగానీ ఆమెకు నెమ్మది ఉండదు.

చలికాలంలో వరద సర్వేకొచ్చిన కళావతి మేడం ఫోన్‌లో ఊరి పటం చూపించింది. ఏటి ఒడ్డు ఇళ్లన్నీ ఎర్రగా ఉన్నయి.

"వానలు మునుపటి లెక్క లేవు జంపక్కా. పెద్ద వరదలు ఇంకా వస్తయి. అడివి అంచున మెరక మీదికి పోతే మంచిది."

ఆ ఎరుపు జంపక్క కళ్లలోంచి పోలేదు.

మొగుడు పగిడయ్య కాదనలేదు. "పోదాం. కానీ నేల ఒప్పుకోవాలె" అన్నడు. ఇప్పపూల కాలంలో ఒకనాడు పొద్దుగూకే వేళ మెరక మీద గింజలు పెట్టి, పైన కుండ బోర్లించి వచ్చిండు. తెల్లారేసరికి గింజలు చెదరకుంటే అక్కడ ఇంటి గుంజ పాతొచ్చు. చెదిరితే ఆ జాగా వాళ్లది కాదు.

"చెదిరితే ఏంది మరి?"

"ఇక్కడనే ఉంటం. గోదారి మనకు కొత్తనా?"

"నీకు కాదు. పిల్లకు కొత్తనే."

తెలతెలవారుతుంటే ఇప్పపువ్వు ఏరే వంకతో తట్ట పట్టుకొని మెరకెక్కింది. పూలు నిద్రలో గొణిగినట్టు రాలుతున్నయి. ఆ తీపి వాసనకు నేల కూడా తూగుతున్నట్టుంది. కుండ ఎత్తింది.

చీమలు. ఒక్క గింజ లేదు.

ఏదీ అచ్చిరాదని ముందే అనుకునే మనిషి గనక, కొంగున ఇన్ని బియ్యం ముడేసుకొనే వచ్చింది. చీమలను ఊది, బియ్యం పోసి, కుండ బోర్లించింది. అంతలోనే ఇంకో భయం. పోయిన పెద్దలకు కోపమొస్తే? పిల్లకు జరమొస్తే?

"తప్పు నాది. దాని జోలికి రాకండ్రి" అని మట్టికి దండం పెట్టింది.

నిద్రపోతున్న దుర్గను భుజానేసుకొని పగిడయ్య వచ్చిండు. కుండ ఎత్తి, ఒక గింజను వేళ్ల నడుమ నలిపి చూసిండు.

"జంపీ, నేను పెట్టినయి వడ్లు."

ఆమె చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. ఒక ఇప్పపువ్వు వచ్చి బియ్యం మధ్య పడ్డది.

"మన పెద్దలు రాత్రికి రాత్రే దంచిపెట్టిండ్రు లెక్కుంది" అన్నడు పగిడయ్య, నవ్వు ఆపుకుంటూ. "వాళ్లకు నీకంటే ఎక్కువ తొందర." పిల్లను ఆమె ఒళ్లో పెట్టి గడ్డపార అందుకున్నడు.

జంపక్క దుర్గ ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది. కింద దూరంగా గోదారి పడుకొని మెరుస్తోంది.

"ఇంకొంచెం పైకి పోదామా?"

"ఇంకా పైకంటే చెట్టు కొమ్మనే" అని అతను మొదటి గుంట తవ్విండు.