ఒకే క్షణాన

ఉంగరం కదల్లేదు. వేలు తడిపి తిప్పాడు, లాగాడు. ఉబ్బిన కణుపు దగ్గర అది మొండికేసి కూర్చుంది.

పొద్దున్నే భార్య ఆ వేళ్ళు చూసి, వాచిన పాదాలు చూసి, డాక్టరు దగ్గరికి పదమంది. బుడగ వదిలి వస్తానన్నాడు.

“నన్ను కాదు, ఆ బుడగను కట్టుకోవాల్సింది మీరు,” అందామె.

నవ్వి సైకిలెక్కాడు. కేంద్రానికి చేరేలోపు ఊపిరందక దిగి నడవాల్సి వచ్చింది.

వాతావరణ కేంద్రం వెనకున్న రేకుల షెడ్డు అతని రాజ్యం. అందరూ బుడగాయన అంటారు. ఇంటిగుమ్మమంత ఎత్తు రబ్బరు బుడగలో గ్యాసు నింపి, కింద దారంతో చిన్న పెట్టె కట్టి వదలడం అతని పని. మేఘాలు దాటిపోతూ ఆ పెట్టె వేడి, తేమ, గాలివాటం కిందికి చెబుతుంటుంది. మన లెక్కన ఉదయం, సాయంత్రం ప్రపంచమంతటా ఒకే క్షణాన ఇలాంటి బుడగలు లేస్తాయి. భూమి ఎంత వేడెక్కిందో ఆ లెక్కలన్నీ కలిపే తేలుస్తారు. వేళ తప్పితే ప్రపంచ పటంలో మన చోట చిల్లు పడుతుంది.

రబ్బరు ఉల్లిపొర లాంటిది. అందుకే రాగానే ఉంగరం తీసి తలుపు పక్క మేకుకు తగిలిస్తాడు. ఇవాళ మేకు ఖాళీ. ఉంగరం మీద గుడ్డపేలిక చుట్టి, గ్యాసు తిప్పాడు.

బుడగ నిండుతుండగా పేలిక జారింది. ఉంగరం గీరుకుని బుడగ చప్పున చీలి, రబ్బరంతా కాళ్ళ మీద కుప్పకూలింది.

చప్పుడుకి ఆఫీసరమ్మాయి పరిగెత్తుకొచ్చింది. “ఈ పూటకి మానేద్దాం బాబాయ్. వేళ మించిపోతోంది. మీకు చూస్తే ఒళ్ళంతా చెమటలు.”

“ఈ గాలి మళ్ళీ వస్తుందా అమ్మా?”

అతను కుళాయి దగ్గర వేలికి సబ్బు పట్టించి, పళ్ళు బిగించి లాగాడు. తోలు లేచింది, ఉంగరం ఊడింది. మేకుకు తగిలించి రెండో బుడగ అందుకున్నాడు.

వేళకి అది లేచింది. పెట్టెను వెంటబెట్టుకుని, గాలికి ఓ పక్కకి ఒరిగి, మేఘంలో కలిసిపోయింది.

ఆమె పట్టరాని సంతోషంతో అతన్ని లోపలికి లాక్కెళ్ళి తెర ముందు నిలబెట్టింది. ఇన్నేళ్ళలో అతనెప్పుడూ చూడలేదు. ప్రపంచ పటం మీద చుక్కలు వెలుగుతున్నాయి. ఎడారిలో ఒకటి, మంచుగడ్డల అంచున ఒకటి, నడిసముద్రంలో ఓడ మీద ఒకటి. ఒకచోట పొద్దు పొడుస్తోంది, ఇంకోచోట చిమ్మచీకటి.

“ఇదీ మనది,” అందామె ఒక చుక్క చూపించి.

“వీళ్ళంతా ఇప్పుడే వదిలారా?”

“ఇప్పుడే. రోజూ ఇంతే బాబాయ్.”

అతను తెరకు దగ్గరగా జరిగాడు. తోలు లేచిన వేలిని నిమురుకున్నాడు.

“అయితే వీళ్ళందరూ ఉంగరాలు తీసే ఉంటారు,” అన్నాడు, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా.

కాసేపు బయట కూర్చుంటానని వెళ్ళాడు. పెట్టె ఆమెతో మాట్లాడుతూనే ఉంది. మేఘాలు దాటింది, గడ్డకట్టే చలి దాటింది, ఎన్నడూ వెళ్ళనంత ఎత్తుకు వెళ్ళి, అక్కడ బుడగ పగిలాక ఆగింది. ఆ మాట చెబుదామని ఆమె బయటికొచ్చింది. షెడ్డు గోడకు తల ఆనించి అతను ఆకాశంలోకే చూస్తున్నాడు. పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడర్థమైంది.

సాయంత్రం బుడగ వదలడానికి వేరే కేంద్రం నుంచి ఒకాయన వచ్చాడు. షెడ్డులో అడుగుపెడుతూనే, ఎవరూ చెప్పకుండానే, వేలి ఉంగరం తీసి మేకు వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

మేకుకు అప్పటికే ఒక ఉంగరం ఉంది. దాని మీద ఎండిన సబ్బు ఇంకా తెల్లగా అంటుకునే ఉంది.