చింపిన అంచు

మా దోర్దోయ్ బజారులో కొట్లంటే ఇనుప కంటైనర్లే. ఆ చలికాలం టోపీలు అమ్మే మా వరుస ఆడవాళ్లం కలిసి పెద్ద అతుకుల దుప్పటి ఒకటి కుట్టాం. సరుకు మూటలతో రష్యా ఊళ్లు తిరిగినవాళ్ల బట్టల్లోంచి తలా ఒక ముక్క, దాని కింద దారంతో వాళ్ల కథ రెండు ముక్కల్లో. బజారు గేటు దగ్గర అందరూ చూసేలా వేలాడదీయాలని మా ఆశ. పెత్తనం నాదే. నా నోటికి జడిసి ఎవరూ కాదనలేదు.

నేను పెట్టిన నియమం ఒక్కటే. ముక్కను కత్తెరతో కోయాలి, చేత్తో చింపకూడదు. మాలో పండు ముసలివాళ్లు పోయినప్పుడే గుడ్డ చింపి, వచ్చినవాళ్లకు తలా ఒక పేలిక పంచుతారు. బతికున్నవాళ్ల బట్ట చింపితే అపశకునం.

అందరి ముక్కలూ వచ్చాయి, బుర్మాకాన్‌ది తప్ప. ఆమె నడుం పట్టేసి మంచాన పడితే, ఆమెకు బదులు డెబ్బై ఒక్కేళ్ల తండ్రి షామెన్ తాత టోపీల మూటలతో రష్యాలోని ఓమ్స్క్ వెళ్లాడు. రెండు నెలలుగా ఆయన ఫోను మోగడం లేదు.

"నాన్న వచ్చి తన చేత్తోనే ఇస్తాడక్కా. అందాకా ఆయన బట్టకి కత్తెర కూడా తగలనివ్వను," అంది బుర్మాకాన్.

"ఆయనొచ్చేసరికి మనం ముసలమ్మలమైపోతాం. గుడ్డముక్కకి ఇంత బెట్టా?"

"నీకేం తల్లీ! నీ మొగుడు ఇంట్లో కూర్చుని టీ తాగుతున్నాడు."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. తాత పాత కోటు నా కొట్లోనే కొక్కేనికి వేలాడుతోంది. రోజూ నా దగ్గర టీ తాగి పోయేవాడు, ప్రయాణం రోజున కొత్త కోటు వేసుకుని దీన్ని వదిలి వెళ్లాడు. కత్తెర పక్క కొట్టువాళ్లు పట్టుకుపోయారు. కోపం, తొందర. కోటు లోపలి అస్తరు పట్టుకుని పర్రున చింపేశాను. ఆ చప్పుడు వినగానే నేను పెట్టిన నియమం గుర్తొచ్చింది. అంచు లోపలికి మడిచి, ఎవరికీ చెప్పకుండా దుప్పటికి కుట్టేశాను.

మర్నాడు బుర్మాకాన్ ఆ ముక్కను గుర్తుపట్టింది. గోటితో మడత విప్పి, వేలాడే దారప్పోగులు చూసింది.

"చింపావా అక్కా?"

నేను తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది. మడత మళ్లీ మూసి వెళ్లిపోయింది.

ఆరో రోజున ఓమ్స్క్ నుంచి కబురొచ్చింది. తాత జ్వరంతో పోయాడు, అక్కడే పాతిపెట్టారు. వరుస వరుసంతా ఆమె ఇంటికి పరుగెత్తింది. నాకు కాళ్లు రాలేదు. ఆయన్ని నేనే చంపాననుకుంటూ కొట్లో కూలబడ్డాను.

రెండు రోజులకు ఆమే వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వు చింపేనాటికే నాన్న పోయి పంతొమ్మిది రోజులైందక్కా. ఓమ్స్క్ నుంచి వచ్చిన కాగితంలో తేదీ ఉంది. ఇది చెబుదామనే వచ్చాను."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఆపుకోలేనంత. ఆమె కొక్కెం మీది కోటు తీసి నా ఒళ్లో పెట్టింది.

"మిగతాది కూడా నువ్వే చింపు. నాకు చేతులు రావట్లేదు. వరుసలో అందరికీ పంచాలి కదా."

కత్తెర బల్ల మీదే ఉంది. దాన్ని పక్కకు నెట్టి, చేత్తోనే చింపాను. మొదటి పేలిక ఆమె చేతిలోనే పెట్టాను. ఆమె దాన్ని ముక్కుకు ఆనించుకుంది.

"నీ టీ వాసనే అక్కా," అంది.