పసుపు దారం కోయలేని కత్తి

ఆగండి, ఎక్కడికి వెళ్తున్నారు? కాసేపు కూర్చుని నా మాట వినండి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి, అది అడగకపోతే నాకు ఊపిరాడేలా లేదు. కత్తికి ఊపిరేమిటని నవ్వకండి. మొత్తం విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

నేను ఒక కత్తిని. వంటింటి కత్తిని కాదు, కొబ్బరిబోండాల కత్తినీ కాదు, సినిమాల్లో జీపుల మీద నిలబడి ఊపుతారే ఆ వేటకొడవళ్లతో నాకు చుట్టరికమే లేదు. నేను టాక్టికల్ కత్తిని, సైనికుల కోసం, కమాండోల కోసం చేసే రకం. బండి బాగుంటే కత్తి, బిర్యానీ బాగుంటే కత్తి అంటారు కదా కుర్రాళ్లు, వాళ్లు నన్ను చూసి "కత్తిరా" అన్నాక తామన్నది పొగడ్తో పేరో తేల్చుకోలేక ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ ఆగిపోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

హైదరాబాద్ బాలానగర్‌లో, లేత్ మిషన్ల రొదలో పుట్టాను. నన్ను చేసింది ఫయాజ్. మెకానికల్ చదివి, వచ్చిన ఉద్యోగం వదిలేసి, తండ్రి షెడ్డులో ఒక మూల కొలిమి పెట్టుకున్నాడు. పని చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడేవాడు, అందుకే నాకు నా గురించి ఇంత తెలుసు. నాది కార్బన్ ఎక్కువున్న ఉక్కు. అయస్కాంతం కూడా అంటుకోనంత వేడిదాకా కాల్చి, ఒక్కసారిగా నూనెలో ముంచాడు. ఆ క్షణంలో నేను గాజులా గట్టిగా ఉన్నాను, కింద పడితే ముక్కలే. అందుకని పొయ్యిలో పెట్టి సన్నటి వేడి మీద నెమ్మదిగా కాల్చాడు. దాన్ని అందరూ టెంపరింగ్ అంటారు, ఫయాజ్ మాత్రం కోపం దించడం అనేవాడు. మరీ గట్టిగా ఉంటే విరుగుతాను, మరీ మెత్తగా ఉంటే పదును నిలవదు, ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒక సన్నటి చోటుంది, అక్కడ నన్ను ఆపాడు.

పిడి గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. చవక కత్తుల్లో ఉక్కు పిడిలోకి కొంచెమే దిగి ఆగిపోతుంది, గట్టిగా వాడితే అక్కడే పుటుక్కుమంటుంది. నాలో మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు. దానికి రెండు పక్కలా మికార్టా, అంటే బట్ట పొరల్ని జిగురులో ముంచి రాయిలా నొక్కిన పలకలు, చెయ్యి తడిసినా జారదు. మెరిసి జాడ చెప్పకుండా ఒళ్లంతా నల్లపూత. వీపు మీద రంపం పళ్లు కావాలని అడిగేవాళ్లను ఫయాజ్ సినిమాకు అద్దెకిస్తున్నావా అని వెళ్లగొట్టేవాడు. తాళ్లు కోయడానికి మాత్రం పిడి దగ్గర నాలుగు పళ్లు పెట్టాడు. చివర్లో తొడుగు. ప్లాస్టిక్ పలకను వేడిచేసి నా ఒంటికి సరిగ్గా అచ్చుపోశాడు. తలకిందులుగా ఊపితే పడను. బొటనవేలితో నొక్కి లాగితే టక్‌మని వచ్చేస్తాను. ఆ టక్ కోసం ఎన్నిసార్లు అరగదీశాడో.

"కోతలు అందరూ కోస్తరు," అన్నాడు నన్ను చివరిసారి తుడుస్తూ. "పిలిస్తే పలకాలె. గంతే, అదే కత్తి."

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నన్ను కొన్నది గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కుర్రాడు సాకేత్. కత్తుల మీద వీడియోలు చేసేవాడు. కెమెరా ముందు నాతో కాగితాలు చీల్చాడు, వేలాడే తాళ్లు కోశాడు, నీళ్ల సీసాలు నరికాడు, నా గుణగణాలు ఏకరువు పెట్టాడు. కెమెరా ఆపాక కొరియర్ డబ్బాలు కోసేవాడు. నిర్ఘాంతపోయాను. యుద్ధం కోసం పుట్టి అట్టపెట్టెల మీద బతకడమా అని కుమిలిపోయాను. ఒకసారి పెళ్లికని శ్రీకాకుళం వైపు వెళ్తే వరదలో అతని కారు వాగులోకి జారింది. సీటు బెల్టు ఊడదు. నేను వెనక సీటు సంచిలో అడుగున ఉన్నాను. ఇంతింత చెప్పినవాడికి నేను గుర్తే రాలేదు. అద్దం బద్దలుకొట్టి, తన మొండికత్తితో బెల్టు కోసి సాకేత్‌ని బయటికి లాగింది వరద సహాయ దళంలో ఈతగాడు తవిటినాయుడు. గట్టు మీద వణుకుతూనే సాకేత్ నన్ను సంచిలోంచి తీసి, ఇది నీ దగ్గరే ఉండాలన్నా అని అతని చేతిలో పెట్టాడు.

అప్పుడు మొదలైంది నా అసలు బతుకు. తవిటినాయుడు నన్ను లైఫ్ జాకెట్ గుండెల మీద తలకిందులుగా బిగించుకునేవాడు. కొట్టుకుపోతున్న గేదె పలుపు కోశాను, మునిగిన పాకల కట్లు కోశాను, చెట్టుకు చిక్కిన పడవ తాడు కోశాను. ప్రతిసారీ టక్. యుద్ధం కత్తిని కదా, మనుషుల్ని బతికించడానికి ఇంత పదును పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు నాకు. అతని జోడీ కూర్మారావు, ఒకే పడవ, ఒకే క్యారేజీ. కూర్మారావు నోరు మూసుకుని ఉండగా నేను చూడలేదు.

తరవాతి మహర్నవమి పొద్దున తవిటినాయుడు నన్ను ఇంటికి తీసుకెళ్లాడు, ఆయుధపూజకి. అతని భార్య దమయంతి పెరిగింది సముద్రం ఒడ్డున. ఆమె తండ్రి చేపల వేటకని సముద్రంలోకి వెళ్లి మళ్లీ రాలేదు. ఇప్పుడు మొగుడికీ నీళ్లతోనే పని. వాన మొదలైతే చాలు, అన్నం వండినా తినేది కాదు. ఆ రోజు ఆమె తొమ్మిది పోగుల నూలు దారం పేనింది. పసుపులో ముంచి, నా పిడినీ తొడుగునీ కలిపి పైనుంచి కిందికి చుట్టలు చుట్టలుగా చుట్టి, ముడి మీద ముడి వేసింది. కుంకుమ బొట్టు పెట్టి దణ్నం పెట్టుకుంది.

"ఓ తల్లీ, పిలిస్తే పలుకు."

ఫయాజ్ మాట! బాలానగర్ కొలిమి దగ్గర విన్న అదే మాట. నా ఉక్కంతా జలదరించింది. నన్ను దేవతను చేసింది ఆవిడొక్కతే. ఆ సంబరంలో ఆ దారం ఎక్కడ కట్టిందో నేనూ చూసుకోలేదు, మొగుడూ చూసుకోలేదు.

"దసమినాడు జమ్మి కాడ నానే ఇప్పుతాను," అంది అతనితో. "నువ్వు సెయ్యి పెట్టకు."

సరేనన్నాడు. అతను పనిచేసే సహాయ దళం స్టేషన్లో పడవలకూ రంపాలకూ కూడా బొట్లు పెట్టారు కాబట్టి ఎవరికీ వింతనిపించలేదు. కూర్మారావుకి మాత్రం దొరికిపోయాం.

"ఏట్రా తవిటీ, నీ కత్తికి పెల్లయిపోనాదేటి? మమ్మల్ని పిలవనేదేటి?"

అందరూ నవ్వారు. కట్నమెంతని ఒకడు, అప్పగింతలెప్పుడని ఇంకొకడు. తవిటినాయుడూ నవ్వి, మా ఇంటిది ఒప్పుకోదు, రేపు తనే విప్పుతుందన్నాడు. కూర్మారావు తన కత్తి తీసి చూపించి, దీన్ని పట్టించుకునే నాథుడు లేడు, మా ఆవిడ సుగుణకి ఇలాంటి ముచ్చట్లు తెలియవని దిగాలు మొహం పెట్టాడు. మళ్లీ నవ్వులు.

మధ్యాహ్నం కబురొచ్చింది. పైన గేట్లెత్తేశారు, వంశధార పొంగుతోంది, ఇసుక దిబ్బ మీద కూరగాయల పాదులేసుకున్నవాళ్లు చిక్కుకుపోయారు. పడవ వెళ్లి వచ్చి, వెళ్లి వచ్చి, అందరినీ గట్టుకి చేర్చింది. ఆఖరి విడత జనాన్ని దింపి పడవను పక్కకు తిప్పుతుంటే ఇంజిన్ ఆగిపోయింది. వరదలో కొట్టుకొచ్చిన చేపల వల ఒకటి ఇంజిన్ రెక్కకు చుట్టుకుంది. తీద్దామని కూర్మారావు దిగాడు. వల రెక్కను వదిలింది కానీ అతని కాళ్లకు చుట్టుకుంది. దాని రెండో కొస నీటి అడుగున ఏ చెట్టు మోడుకో పట్టేసింది. వరద అతన్ని కిందికి లాగడం మొదలుపెట్టింది. అతను తన కత్తి తీశాడు, ఒక్క వేటు వేసేలోపే నది దాన్ని చేతిలోంచి లాక్కుపోయింది.

తవిటినాయుడు దూకేశాడు. ఎడమచేత్తో పడవ తాడు పట్టుకున్నాడు, అది వదిలితే ఇద్దరూ పోతారు. కుడిచెయ్యి నా మీదికొచ్చింది.

"తవిటీ, కత్తి," అన్నాడు కూర్మారావు.

పిలిచాడు. నన్నే పిలిచాడు.

తవిటినాయుడు లాగాడు. నేను రాలేదు. మళ్లీ లాగాడు. రాలేదు. నాకు అర్థం కాలేదు, నిజంగా అర్థం కాలేదు, తొడుగు బాగుంది, ఉక్కు బాగుంది, పదును వెంట్రుకను చీలుస్తుంది, మరి ఏమిటిది? అప్పుడు తెలిసింది. దారం. పిడినీ తొడుగునీ కలిపి కట్టిన తొమ్మిది పోగుల దారం. మీకో సంగతి చెప్పనా, నూలు దారం తడిస్తే బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. ముడులు ఉబ్బి బిగుసుకుపోయాయి. లోకంలో ఏ తాడునైనా కోయగలను, నా బయట చుట్టిన దారాన్ని నేనెలా కోస్తాను? పదునంతా తొడుగులో పెట్టుకుని, ఒక్కచేత్తో అతను గింజుకుంటుంటే, నేను లోపల ఊరికే ఉన్నాను.

కూర్మారావు తల మునిగింది. తేలింది. ఈసారి ఏమీ అనలేదు, జోక్ వేసేటప్పటి కళ్లతోనే చూశాడు. మునిగింది.

తవిటినాయుడు మెడ వంచి ఆ దారాన్ని పళ్లతో పట్టుకున్నాడు. కొరికాడు, నమిలాడు, చిగుళ్లలోంచి నెత్తురు వచ్చేలా పీకాడు. నన్ను బయటికి తెచ్చింది మనిషి పళ్లు. ఆ తరవాత నేను చేయాల్సింది రెండు వేట్ల పని, చేశాను, వల వెన్నలా తెగింది. కాళ్లకు చిక్కు వీడి కూర్మారావు పైకి వచ్చాడు, కానీ వచ్చింది కూర్మారావు కాదు. గట్టు మీద పడుకోబెట్టి వంతులవారీగా గుండె నొక్కారు. నొక్కుతూనే ఉన్నారు. ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తవిటినాయుడు పళ్లలో చిక్కుకున్న పసుపు పీచును ఊడబెరికి, నాతోపాటు తొడుగులోకి తోసేశాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది, నా ఒంటికి రాసుకుంటూ. ఎందుకు పారేయలేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక దమయంతి ముందు అతని మొహం తడిమింది, తరవాత నన్ను చూసింది. దారమేదని అడిగింది. తెగిపోయిందన్నాడు.

"గండమే దాన్ని పట్టుకెల్లిపోనాది," అంది ఆమె, నన్ను కళ్లకద్దుకుంటూ. "నిన్ను ఒగ్గీసి దారాన్ని పట్టుకెల్లిపోనాది."

అతను గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

కూర్మారావు పెద్దకర్మ రోజున సుగుణ వచ్చి దమయంతి రెండు చేతులూ పట్టుకుంది. ఏడుపు అయిపోయినట్టుంది, గొంతు పొడిగా ఉంది.

"నానూ కట్టుంటే ఆయన ఉండీవోడు కదప్పా," అంది. "పూజ నేదు, దారం నేదు. నా సేతులతో నానే..."

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పందిట్లో అందరూ అటు తిరిగారు. నేను అతని నడుముకే ఉన్నాను, ఆ మాట అతని పొట్టలోంచి గొంతుదాకా రావడం నాకు తెలిసింది. మంచినీళ్లు కావాలన్నాడు.

మనుషులతో వచ్చిన చిక్కేమిటంటే, కథకు ఒక కొస దొరికితే చాలు, మిగతాదంతా వాళ్లే పేనేసుకుంటారు. దారం కట్టినవాడు వచ్చాడు, కట్టనివాడు పోయాడు. ఊళ్లో అందరికీ ఇదే తెలుసు. దమయంతి చెయ్యి మంచిదని పేరొచ్చింది. ఆమె వాన పడినా అన్నం తింటోంది, నిద్రపోతోంది. సుగుణ మాత్రం నిద్రపోవడం లేదట.

ఇవాళ మళ్లీ మహర్నవమి. దమయంతి ఇంటి అరుగు మీద పెద్ద ఇత్తడి పళ్లెం. అందులో నన్నొక్కదాన్నే కాదు, దళంలో ఉన్న కత్తులన్నిటినీ పెట్టారు. ఆ కత్తులు వాడేవాళ్ల ఇల్లాళ్లందరూ వచ్చారు. గిన్నెలో పసుపు కలిపి నూలు ముంచుతున్నది ఎవరనుకున్నారు? సుగుణ. ఇంకెవరికీ తనకైనట్టు కాకూడదని తనే పేనుకొచ్చింది. ఫోన్లలో ఇప్పటికే మెసేజీలు, బంగాళాఖాతంలో అల్పపీడనం, అందరూ సిద్ధంగా ఉండాలని.

బయటికెళ్లాక విప్పేయమని మగవాళ్లకు చెబితే సరిపోదా అంటారేమో. తవిటినాయుడు నిన్ననే చెప్పాడు. నువ్వు బతికింది దానివల్లే కదరా, మమ్మల్ని వద్దంటావేంటి అని నవ్వారు. ఎందుకు విప్పాలో చెప్పాలి కదా. అది చెప్పలేకపోయాడు.

దమయంతి అందరికంటే ముందు నన్నే తీసింది. చుట్టింది, చుట్టింది, ఈసారి పోయినసారి కంటే మందంగా. మొదటి ముడి వేసి, మొగుణ్ని పిలిచింది.

"ఇలగ రా. వేలు పెట్టు. గట్టిగా పడాల."

తవిటినాయుడు వచ్చి వంగి, ముడి మీద వేలు పెట్టాడు. ఇంకా తీయలేదు. తీస్తే ముడి బిగుస్తుంది, పళ్లెంలో కత్తులన్నీ ఒకదాని తరవాత ఒకటి మూగవైపోతాయి. నోరు విప్పితే సుగుణ ఇవాళ రాత్రి నిద్రపోతుంది, దమయంతి ఇక ఈ జన్మలో నిద్రపోదు. ఆమె దారం కొసలు రెండు చేతులా పట్టుకుని, తియ్యి మరి అన్నట్టు అతని మొహంలోకి చూస్తోంది, నవ్వుతూ.

లోపల నేనున్నాను, ఫయాజ్ చేసిన పదునంతా పెట్టుకుని, ఆ నమిలిన పీచు పక్కన. నన్ను పిలిచినా పలకలేను. పలకాల్సింది అతనే.

ఆ వేలు మీదైతే ఏం చేస్తారు?