గొర్రె గుండెలో చెయ్యి

కల్మాకు దోపిడీ మూకలు కజాకుల గుడారాల మీద వచ్చిపడిన ఏడాది బాతిమా ఇద్దరు కొడుకుల్నీ, కోడలినీ పోగొట్టుకుంది. ఐదేళ్ల మనవణ్ణి మాత్రం చంపకుండా గుర్రం మీద వేసుకుపోయారు. వాడొస్తే వంశం నిలుస్తుంది, రాకపోతే తనతో సరి. ఆ ఒక్క ఆశతోనే ముసలిది ప్రాణాలు ఉగ్గబట్టుకుంది.

పదమూడేళ్లకు వాడొచ్చాడు. బక్కచిక్కిన గుర్రం, మంచు పట్టిన నూనూగు మీసాలు. వేగులవాడేమోనని మగవాళ్లు చుట్టుముట్టారు. బాతిమా మరిది జానుజాక్ బల్లెం దించకుండానే అడిగాడు.

"ఎవడ్రా నువ్వు? కజాకువైతే నీ ఏడు తరాల పేర్లు చెప్పు."

మాట తడబడింది గానీ పేరొక్కటీ తప్పలేదు.

"నా తోక్తరే! ఒళ్లో కూచోబెట్టుకుని నేనే నేర్పాను!" అంటూ బాతిమా వాణ్ణి వాటేసుకుని బావురుమంది.

విందుకని ఉన్న ఒక్క బలిసిన గొర్రెనూ తెచ్చారు. జానుజాక్ కత్తి వాడికే ఇచ్చాడు.

"కానీరా అబ్బాయ్! అక్కడ నీకు గడ్డి పెట్టారా ఏంటి, ఇలా చిక్కిపోయావ్?"

అందరూ నవ్వారు. తోక్తర్ కూడా నవ్వుతూనే గొర్రెను వెల్లకిలా తిప్పాడు. గొంతు ముట్టుకోలేదు. రొమ్ము కింద చిన్న గాటు పెట్టి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుండె దగ్గరి నరం తెంపేశాడు. నేల మీద రక్తం చుక్క పడలేదు. అది కల్మాకుల పద్ధతి. గొంతు కోసి రక్తం కార్చనిది కజాకు తినడు.

నవ్వులు ఆగిపోయాయి. ముందుగా తేరుకున్నది జానుజాకే.

"పోనీలే వదినా, చేతికి పట్టిన అలవాటు. మనమే మానిపిద్దాం. ఈ మాంసం కుక్కలకేద్దాం."

బాతిమాకు ఆ మాట వినబడలేదు. ఆమె చూపు నెత్తురంటిన ఆ మోచేతి మీదే ఉంది. ఆనాడు కొడుకుల శవాల పక్కనే కూర్చుని, కల్మాకులు తన గొర్రెల్ని ఇలాగే చంపి తిన్నారు.

"పో," అంది.

"తెలీక చేశాను నాయనమ్మా! అక్కడ నన్ను కజాకు కుక్క అనేవాళ్లు. ఇంకెక్కడికి పోను?"

"వచ్చిన చోటికే పో. నా కళ్లబడకు."

"మతిపోయిందా వదినా? వాడు నీ రక్తం!" అని జానుజాక్ అరిచాడు. ఆమె గుడారంలోకి పోయి తలుపు కంబళి దించుకుంది. బయట గుర్రపు డెక్కల చప్పుడు కాసేపు వినిపించి దూరమైపోయింది.

పొద్దుగూకే వేళ అలవాటు కొద్దీ ఆ ఏడు పేర్లూ మననం చేసుకుంది. చివర ఎప్పుడూ మనవడి పేరు చేర్చేది. ఇవాళ నోరు రాలేదు. కల్మాకులు సైతం ప్రాణాలతో వదిలినవాణ్ణి తానే ఈ మంచులో చావుకు తోలేసిందని అప్పుడు తెలిసొచ్చింది. "తోక్తర్!" అని కేకేస్తూ బయటకు పరుగెత్తింది. గుర్రం పోయిన జాడ మీద అప్పటికే మంచు పేరుకుపోయింది.