షుగర్ బిళ్ళల డబ్బా

వెంకటకృష్ణారావుకి షుగర్ లేదు. ఆ సంగతి ఆయనకీ, ఆయన భార్య కనకలక్ష్మికీ తప్ప చుట్టాల్లో మరొకరికి తెలియదు. నాలుగేళ్ళుగా ఏ పెళ్ళికి వెళ్ళినా ఆయన ఆకులో బందరు లడ్డు పడకుండా వదిన సంపూర్ణమ్మ అడ్డం పడుతూనే ఉంది. పాపం, తీపంటే చెవి కోసుకునే మనిషి.

అసలు జబ్బు నడుముది. ఆటోనగర్‌లో టైర్ల షాపు ఆయనది. రెండు ఆపరేషన్లయినా కాల్లోకి దిగే నొప్పి తగ్గక, డాక్టరు ట్రమడాల్ బిళ్ళలు రాశాడు, రోజుకి మూడు. అవి పడితేనే లేచి షాపుకి వెళ్తాడు. కాకపోతే నోరెండిపోతుంది, మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు పట్టేస్తుంది, ఇక విరేచనమంటారా, అయిన రోజు పండగే. వీటన్నిటికీ కాపలా కనకలక్ష్మి. ఇసబ్‌గోల్ కలిపి ఇచ్చేది, బొప్పాయి కోసేది, బాత్‌రూం తలుపు బయట నిలబడి "అయిందాండీ?" అని అడిగేది. సేవలో ఆవిడకి వంక పెట్టడానికి లేదు.

సిగ్గు మాత్రం మందుల షాపులో మొదలైంది. షాపాయన చీటీని అటూ ఇటూ తిప్పి, "మత్తు బిళ్ళలమ్మా ఇవి, ఎవరికి?" అని పదిమందిలో గట్టిగా అడిగాడు. ఆవిడకి ప్రాణం చచ్చిపోయింది. ఇంటికొచ్చి, ఎప్పుడో తన తల్లి వాడి వదిలేసిన షుగర్ బిళ్ళల డబ్బాలో ఆ అట్టలు పెట్టేసింది.

"డాక్టరు రాసినవే కదా కనకం, దాపరికం ఎందుకు?" అన్నాడు కృష్ణారావు.

"మీ అన్నయ్యగారికి తెలిస్తే మీ ఊరు చల్లపల్లంతా తెలిసినట్టే. ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టెయ్యండి" అని ఆయన చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. ఆయన ఒట్టేశాడు.

మొన్న వానల్లో ఆయనకి జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. కబురు తెలిసి అన్న బసవపున్నయ్య, సంపూర్ణమ్మ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మంచానికి చెరోపక్కా కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే డ్యూటీ డాక్టరు జ్ఞానేశ్వరి వచ్చి, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా అని అడిగింది.

"షుగర్ బిళ్ళలండీ" అంది కనకలక్ష్మి. అలవాటైన అబద్ధం కదా, తడుముకోనక్కర్లేకపోయింది.

"షుగర్ మామూలుగానే ఉందమ్మా. ఎలాగూ తిండి తినడం లేదు, అవి ఆపేయండి."

ఆపేశారు. సాయంత్రం కృష్ణారావు ఆవిడ కొంగు పట్టుకుని, "కనకం, బిళ్ళ" అన్నాడు మెల్లగా. "బావగారిని కాస్త అటు వెళ్ళనివ్వండి" అంది ఆవిడ. బావగారు వెళ్ళలేదు. తమ్ముడంటే ఆయనకి అంత ప్రేమ మరి.

మర్నాడు మధ్యాహ్నానికి కృష్ణారావు మనిషిలా లేడు. ఒళ్ళంతా చెమటలు, ఆగని ఆవలింతలు, కాళ్ళు మంచానికేసి కొట్టుకోవడం. సెలైన్ సూది పీకేసుకున్నాడు. నర్సు విసుక్కుంటూ, "ఈయన తాగుతారాండీ? రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఇలాగే చేస్తారు" అంది.

బసవపున్నయ్య మరదలివైపు తిరిగాడు. "నిజమేనామ్మా?"

సారా వాసన కూడా ఎరగని మనిషి కృష్ణారావు. ఆ ముక్క చెప్పడానికి నోటి ముత్యాలేం రాలిపోవు. కానీ తాగుబోతుల పెళ్ళాలు ఊళ్ళో వీధికి నలుగురున్నారు, మత్తు బిళ్ళలవాడి పెళ్ళామంటే తానొక్కతే అవుతుందనుకుంది కనకలక్ష్మి. తలూపింది.

ఆయన రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతో మంచం కమ్మీలకి కట్టేశారు. కృష్ణారావు భార్యవైపు చూశాడు. ఆ స్థితిలో కూడా నోరు విప్పలేదు. ఒట్టు వేసింది ఆవిడ తలమీద కదా. మూడు గంటలసేపు ఆవిడ ఆ కట్లు చూస్తూ కూర్చుంది. విప్పడానికి ఒక్క మాట చాలు, ఆ మాట తన దగ్గరే ఉంది. ఛీ, నేనేం ఆడదాన్ని అనుకుంది.

నాలుగింటికి రౌండ్స్‌కి వచ్చిన జ్ఞానేశ్వరి వెనకాలే వరండాలోకి పరుగెత్తి, అంతా చెప్పేసింది. డాక్టరు తల పట్టుకుంది.

"ఈ బిళ్ళ ఒక్కసారిగా ఆపకూడదమ్మా. ఏళ్ళతరబడి వాడితే ఒళ్ళు అలవాటు పడిపోతుంది. అందులో ఆయన తప్పేముంది? నిన్ననే చెప్పుంటే ఈ బాధ ఉండేది కాదు కదా!"

బిళ్ళ పడ్డాక, చీకటి పడేలోపు కట్లు విప్పారు.

మర్నాటి పొద్దున కృష్ణారావు తేరుకుని దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. బసవపున్నయ్య చెయ్యి చాపాడు.

"ఒరేయ్ కృష్ణా, ఇకమీదట చుక్క ముట్టనని నా చేతిలో చెయ్యెయ్యరా."

కృష్ణారావు ఒకసారి భార్యని చూసి, అన్న చేతిలో చెయ్యి వేశాడు. "ముట్టనన్నయ్యా."

ఆ మాటతో ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన తాగరు బావగారూ! ఎన్నడూ తాగలేదు. నడుం నొప్పికి డాక్టరు రాసిన బిళ్ళలు ఆపేస్తే అలా అయ్యారు. షుగర్ అని అబద్ధమాడింది నేను. నిన్న తలూపింది కూడా అబద్ధమే!" అంటూ నర్సు ఇచ్చిన అట్ట తీసి ఆయన ముందు పెట్టింది.

బసవపున్నయ్య కళ్ళజోడు సవరించుకుని అట్ట చూశాడు. జాలిగా నవ్వాడు.

"తాగుడు మాన్పించే బిళ్ళేగా అమ్మా? మా పక్కింటి పుల్లయ్యకీ ఇచ్చార్లే. మొగుడి పరువు కోసం నిందంతా నెత్తినేసుకుంటున్నావు. నీలాంటి ఇల్లాలు దొరకడం వీడు చేసుకున్న పుణ్యం."

సంపూర్ణమ్మ కళ్ళొత్తుకుంది. కనకలక్ష్మి మళ్ళీ చెప్పబోయింది. వాళ్ళిద్దరూ మరింత ముచ్చటగా తలలూపారు.

కృష్ణారావు బిళ్ళ కోసం చెయ్యి చాపాడు. "ఊరుకో కనకం, ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు" అన్నాడు. కోపంగా అని ఉంటే ఆవిడకి కాస్త తేలికయ్యేది. చాపిన ఆ చేతి మణికట్టు చుట్టూ గుడ్డ ఒరుసుకున్న గీత ఇంకా ఎర్రగానే ఉంది.