తలుపుకు ఇవతల

భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది. ఆమెకు ఆరోజు సెలవు. ఎస్సై మాత్రం మామూలుగానే అన్నాడు. "జోలమ్మా, ఒకావిడ బాత్రూములో గడియ పెట్టుకుంది. చేతిలో కత్తుందట. నువ్వొస్తే తేలిగ్గా తేలిపోతుంది."

జోకొట్టినట్టు ఊరుకోబెడుతుందని ఆ పేరు స్టేషనువాళ్ళు పెట్టింది. దొంగల్ని పట్టడానికి మగ కానిస్టేబుళ్ళు, మతి చెదిరి ఏడ్చేవాళ్ళను పట్టుకోవడానికి ఆమె.

"పిచ్చివాళ్ళతో నీకు బాగా కుదురుతుందిలే," అన్నాడు భర్త పేపరు దించకుండా. "వంట వేళకి వచ్చెయ్."

ఆమె యూనిఫాం వేసుకుని వెళ్ళింది. మూడో అంతస్తు ఇల్లు. వానవెలుతురు నడవా నిండా పలచగా పరుచుకుని ఉంది. బాత్రూము తలుపు కింద నుంచి నీళ్ళు జారి గుమ్మంలోని చెప్పుల్ని మెల్లగా కదిలిస్తున్నాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు గునపం, తాడు పట్టుకుని నిలబడ్డారు.

"రెండో కాన్పు నుంచీ ఇంతేనండి," అన్నాడు ఆవిడ భర్త. "పోయినసారీ మీవాళ్ళే తీసుకెళ్ళారు."

పసిబిడ్డను భుజాన వేసుకున్న అత్తగారు, "మేం కనలేదా పిల్లల్ని?" అంది.

జోలమ్మ టోపీ, బెల్టు, బూట్లు తీసి పక్కన పెట్టింది. తలుపుకు వీపు ఆనించి నీళ్ళలోనే కూర్చుంది.

"పోలీసునమ్మా. తలుపు పగలగొట్టనివ్వను."

కుళాయి చప్పుడు మధ్య లోపల్నుంచి గొంతు వచ్చింది. "మరేం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"ఎందుకు?"

"కాళ్ళు పీకుతున్నాయి."

లోపల నవ్వులాంటిదేదో వినిపించింది. తర్వాత కుళాయి చప్పుడే. అది వింటూంటే తనేదో పడవలో ఉన్నట్టు, గోడలు మెల్లగా వెనక్కి జరిగిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. ఇలా ఎన్ని తలుపుల దగ్గర కూర్చుందో. అక్కడ మెత్తగా మాట్లాడిన గొంతుతోనే ఇంటికెళ్ళి "ఇంకొంచెం వడ్డించనా" అనేది. ఈ పనికి శిక్షణ ఇప్పించమంటే, "ఆడవాళ్ళకి ఓర్పు పుట్టుకతోనే వస్తుందిగా" అని పెద్దాఫీసరు నవ్వాడు. "ఊళ్ళోవాళ్ళని ఓదారుస్తావు, ఇంట్లో మొహం మాడ్చుకుంటావు" అని సొంత అత్తగారి దెప్పు. తనే గడియ పెట్టుకోవలసి వస్తే ఏ గదిలోకి వెళ్తుంది? ఒక్కో గదే తలచుకుంటూ పోయింది. ప్రతి గదిలోనూ ఎవరికో ఒకరికి ఆమెతో ఏదో పనుంది.

"పోయినసారి తువ్వాలుతో నా చేతులు వెనక్కి కట్టారు," అంది లోపలి గొంతు. "వీధంతా చూసింది. పాలు కారి బట్టలు తడిసిపోతుంటే అడ్డం పెట్టుకోడానికి చేతుల్లేవు."

జోలమ్మ లేచింది. "ఆ తాడూ గునపం తీసుకుని కిందికెళ్ళండి," అంది కానిస్టేబుళ్ళతో.

"ఎస్సైగారు ఏమంటారో..."

"ఆయనకి నేను చెప్పుకుంటాను. బాబూ, మీరూ అమ్మగారూ కూడా వెళ్ళండి."

నడవా ఖాళీ అయింది. కుళాయి ఆగింది. తలుపు కింది సందులోంచి కూరలు తరిగే కత్తి, ముందు పిడితో, బయటికి వచ్చింది. ఆ తర్వాత గడియ తీసిన చప్పుడు.

ఇద్దరూ తడిబట్టలతోనే అద్దె కారెక్కి ఆసుపత్రికి వెళ్ళారు. దారంతా ఆవిడ తల జోలమ్మ భుజం మీదే ఉంది.

డాక్టరమ్మ తొందరపడలేదు. ఆవిడ వైపు వంగి, "కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది.

ఆవిడ చెప్పబోయి ఆగి, పక్కకు చూసింది. జోలమ్మ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆమె తుడుచుకోవడం లేదు.

"మీ పని అయిపోయింది, మీరిక వెళ్ళొచ్చు," అంది డాక్టరమ్మ మర్యాదగా.

జోలమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ఈమెను చూశాక నన్నూ చూడండి డాక్టరుగారూ," అంది.